బెంచ్ మీద 35 రోజులు: ఐటీ సేవల కంపెనీల లెక్క ఎక్కడ తప్పుతోంది

2025 జూన్‌లో టీసీఎస్ ఉద్యోగుల కేటాయింపు విధానాన్ని మార్చింది. ఏడాదిలో కనీసం 225 పనిదినాలు క్లయింటుకు బిల్లయ్యే పనిలో ఉండాలి, బెంచ్ మీద, అంటే ఏ ప్రాజెక్టూ లేకుండా ఖాళీగా గడిపే కాలం 35 రోజులు మించకూడదు. వారానికి ఐదు రోజుల చొప్పున 52 వారాలకు 260 పనిదినాలు. అందులోంచి 225 తీసేస్తే మిగిలేవే ఈ 35. మరుసటి నెలలోనే సుమారు 2 శాతం మందిని, అంటే 12 వేల పైచిలుకు ఉద్యోగులను తగ్గించుకుంటామని, వారిలో ఎక్కువమంది మధ్య, పైస్థాయిల వారేనని ఆ కంపెనీ ప్రకటించింది. అప్పట్నుంచి మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో ఎవరు నోరు విప్పినా ఏఐ మాటే. ఏఐ పాత్ర లేదనలేం. కాంట్రాక్టు రెన్యువల్‌కు వచ్చినప్పుడు ‘మీకు పని తేలికైందిగా, రేటు తగ్గించండి’ అని క్లయింటు అడగడం మామూలైపోయింది. కానీ కోత మధ్యస్థాయి మీదే ఎందుకు పడుతోందో తెలియాలంటే ఏఐ కన్నా పాతదైన ఒక లెక్క చూడాలి.

ఐటీ సేవల కంపెనీ అమ్మేది మనుషుల గంటలు. ఉజ్జాయింపు అంకెలతో చూద్దాం. ఏడాదికి 3.6 లక్షల సీటీసీ (జీతభత్యాలన్నీ కలిపి కంపెనీకయ్యే ఖర్చు) ఉన్న జూనియర్‌కు నెలకయ్యే ఖర్చు 30 వేలు. అతని గంటకు క్లయింటు 20 డాలర్లు ఇస్తే, నెలకు 160 గంటలకు 3,200 డాలర్లు. డాలరుకు 85 రూపాయల చొప్పున 2.72 లక్షలు. జీతం పోను కంపెనీకి మిగిలేది 2.42 లక్షలు. పన్నెండేళ్ల అనుభవం, 24 లక్షల సీటీసీ ఉన్న సీనియర్‌కు నెలకు 2 లక్షలు. అతని గంటకు 32 డాలర్లు వచ్చినా నెలకు 4.35 లక్షలు. జీతం పోను 2.35 లక్షలు. ఆఫీసు అద్దె, రవాణా, అమ్మకాల ఖర్చు ఇద్దరికీ ఉంటాయి కాబట్టి వాటిని పక్కనపెడదాం. ఇద్దరూ పనిలో ఉన్నంతకాలం కంపెనీకి దాదాపు ఒకే మిగులు. తేడా అంతా బెంచ్ మీదే. నెలకు 21 పనిదినాలనుకుంటే, జూనియర్ ఖాళీగా ఉన్న రోజుకు 1,430 రూపాయలు పోతాయి. సీనియర్‌కైతే 9,500.

పైగా సీనియర్‌కు చోటు దొరకడం కష్టం. ఇరవైమంది ఉన్న ప్రాజెక్టులో ఒక మేనేజర్, ఇద్దరో ముగ్గురో లీడ్‌లు, మిగతావారంతా ఐదేళ్లలోపు అనుభవం వారు. ఈ పిరమిడ్ దానంతటదే నిలబడదు. ప్రతి ఏప్రిల్‌కూ అందరి అనుభవం ఒక ఏడాది పెరుగుతుంది, జీతమూ అంతో ఇంతో పెరుగుతుంది. కింద నుంచి ఫ్రెషర్లు వస్తూ, మధ్యలోంచి కొందరు మానేసి వెళ్తూ ఉంటేనే ఆకారం నిలుస్తుంది. 2022 ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో ఇన్ఫోసిస్ వలసల రేటు, అంటే ఏడాదిలో మానేసి వెళ్లేవారి వాటా, 28.4 శాతం, ఆ ఏడాది సెప్టెంబరుకు టీసీఎస్‌ది 21.5 శాతం. 2025 మార్చికి అవి 14.1, 13.3కు దిగాయి. మానేసేవారు ఇన్ఫోసిస్‌లో సగానికి, టీసీఎస్‌లో మూడో వంతుకు పైగా తగ్గారు, కింద ఫ్రెషర్ల భర్తీ కూడా అదే సమయంలో పడిపోయింది. దాంతో పిరమిడ్‌కు పొట్ట పెరిగింది. వలసలు తగ్గాయని హెచ్‌ఆర్ విభాగాలు సంబరపడిన ఏడాదే ఫైనాన్స్ విభాగాలు కంగారుపడ్డాయి.

బెంచ్ అనేది ఒకప్పుడు కంపెనీ తన కోసం కట్టుకునే బీమా ప్రీమియం. క్లయింటు సోమవారం ‘పదిమంది కావాలి’ అంటే శుక్రవారానికి చూపించగలగాలి, అందుకే కొందరిని ఖాళీగా ఉంచేవారు. గిరాకీ ఎప్పుడొస్తుందో తెలియని నష్టభయాన్ని కంపెనీ మోసేది. 35 రోజుల పరిమితితో ఆ భయం ఉద్యోగి నెత్తిన పడింది. వ్యాపారం మందగించినప్పుడు కంపెనీలు ఇలా చేయడంలో వింతేమీ లేదు. ఇబ్బంది మరోచోట ఉంది. పని వెతుక్కునే బాధ్యత ఉద్యోగిదన్నారు, కానీ వెతుక్కునే దారి బాగుచేయలేదు.

ఆ దారి ఎలా ఉంటుందో రోజుల లెక్కన చూడండి. ప్రాజెక్టు నుంచి విడుదలైన రోజు సున్నా అనుకుందాం. ప్రొఫైల్ సవరించి, ఉద్యోగులను ప్రాజెక్టులకు కేటాయించే రిసోర్స్ మేనేజ్‌మెంట్ బృందంతో, అంటే అందరూ ఆర్‌ఎంజీ అనే బృందంతో మాట్లాడేసరికి మూడు నాలుగు రోజులు. ఖాళీ ఉన్న ప్రాజెక్టు వాళ్ల లోపలి ఇంటర్వ్యూకు ఒక వారం, క్లయింటు ఇంటర్వ్యూకు ఇంకో వారం. క్లయింటు బ్యాంకో బీమా కంపెనీయో అయితే వాళ్ల సొంత నేపథ్య తనిఖీ, ఐడీ, ల్యాప్‌టాప్, సిస్టమ్ యాక్సెస్‌కు రెండు నుంచి మూడు వారాలు. మొత్తం 23 నుంచి 29 పనిదినాలు. అన్నీ సవ్యంగా, మొదటి ఇంటర్వ్యూలోనే సెలెక్ట్ అయితే ఇది. అంటే ఏడాదిలో ఒక్కసారి ప్రాజెక్టు మారితేనే 35 రోజుల్లో ఎక్కువ భాగం కరిగిపోతుంది, రెండోసారి మారాల్సి వస్తే పరిమితి దాటినట్టే. ఇందులో ఉద్యోగి చేతిలో ఉన్నది ఇంటర్వ్యూ ఒక్కటే. యాక్సెస్ టికెట్ ఎవరి దగ్గర ఆగిందో అతనికి కనిపించను కూడా కనిపించదు.

అందుకే ఇలాంటి పరిమితి పెట్టే ఏ కంపెనీలోనైనా మొదట అడగాల్సింది గడియారం ఎక్కడ ఆగుతుందని. కేటాయింపు సిస్టమ్‌లో నమోదైన రోజునా, మొదటి గంట బిల్లయిన రోజునా? ఈ రెంటి మధ్య తేడానే పది పదిహేను రోజులు. కేటాయింపు రోజున ఆగాలన్నదే న్యాయమైన లెక్క, ఎందుకంటే ఆ తర్వాతి ఆలస్యమంతా క్లయింటుదీ కంపెనీదీ. ఈమెయిల్‌లో రాతపూర్వకంగా ఆ తేదీ తీసుకుని పెట్టుకోవడం ఉద్యోగి చేయదగిన పని. టూల్‌లో స్టేటస్ మారిన తేదీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవడం ఇంకా మంచిది, తర్వాత ఆ టూల్‌కు యాక్సెస్ ఉండకపోవచ్చు.

కంపెనీ వైపు చేయాల్సింది దీనికన్నా తేలిక, అయినా చాలాచోట్ల జరగదు. ప్రాజెక్టు ముగింపు మేనేజర్‌కు కనీసం నెలన్నర ముందే తెలుస్తుంది. విడుదల తేదీని 45 రోజుల ముందు సిస్టమ్‌లో పెడితే ఇంటర్వ్యూలు పాత ప్రాజెక్టులో ఉండగానే అయిపోతాయి. మేనేజర్లు పెట్టరు. పెడితే ఆర్‌ఎంజీ మనిషిని ముందే లాగేసుకుంటుందని భయం. మరోపక్క మంచి పనివాణ్ని ‘షాడో’ పేరుతో బిల్లింగ్ లేకుండా దాచుకోవడం, అప్రైజల్ ముందు బలహీనుణ్ని గబగబా విడుదల చేయడం ఎప్పట్నుంచో ఉన్న అలవాట్లు. సర్క్యులర్‌తో ఇవి పోవు, డబ్బుతో పోతాయి. ముందస్తు సమాచారం లేకుండా మనిషిని వదిలితే అతని మొదటి పది బెంచ్ రోజుల ఖర్చును పాత ప్రాజెక్టు ఖాతాలోనే వేయాలి. మేనేజర్ వేరియబుల్ పే (ఫలితాలను బట్టి మారే జీతభాగం) ఆ ఖాతా లాభం మీద ఆధారపడి ఉంటే విడుదల తేదీలు వాటంతటవే సిస్టమ్‌లోకి వస్తాయి.

అసలు గోల నైపుణ్యాల జాబితాలో ఉంది. చేరిన కొత్తలో ఉద్యోగి తనకు తానే ‘జావా, నిపుణుడు’ అని టిక్ పెట్టుకుంటాడు. ఆ తర్వాత నాలుగేళ్లు ప్రొడక్షన్ సపోర్ట్‌లో టికెట్లు (వాడేవారి నుంచి వచ్చే ఫిర్యాదులు) మూసి ఉంటాడు, టిక్ మాత్రం అలాగే ఉంటుంది. అటు గిరాకీ ఇలా వస్తుంది: స్ప్రింగ్ బూట్, కాఫ్కా, ఏడబ్ల్యూఎస్ అనే సాఫ్ట్‌వేర్ పరికరాల మీద ఆరు నుంచి ఎనిమిదేళ్లు, బీమా రంగం తెలిసినవారికి ప్రాధాన్యం. సిస్టమ్ ‘జావా’ అన్న ఒక్క మాట చూసి యాభై పేర్లు ఇస్తుంది. క్లయింటు ముందు ఇద్దరు ముగ్గురు తడబడగానే ‘మీ దగ్గర సరుకు లేదు’ అన్న ముద్ర పడుతుంది, ప్రాజెక్టు వాళ్లు బయటి కాంట్రాక్టర్ కోసం వెతుకుతారు. లోపల సరిపోయే మనిషి ఇంకో విభాగంలో, ‘జావా’ బదులు ‘మైక్రోసర్వీసెస్’ అన్న ట్యాగ్ కింద ఉంటాడు, అతని పేరు జాబితాలోకే రాదు. ఒకే కంపెనీలో, ఒకే నెలలో, ఒకే నైపుణ్యానికి బయట నుంచి భర్తీ, లోపల కోత రెండూ జరగడానికి పెద్ద కారణం ఇది. నైపుణ్యాల కొరత అని పైకి చెప్పుకునేదాంట్లో కొంత నిజంగా ఈ జతకుదరకపోవడమే.

ట్యాగ్‌కు మూడు గడులు చాలు. ఏ పరికరం, ఏ వెర్షన్. చివరిసారి ప్రాజెక్టులో వాడింది ఏ నెలలో. ధ్రువీకరించిన లీడ్ ఎవరు. పద్దెనిమిది నెలలు వాడకపోతే ఆ ట్యాగ్ ‘పాతది’ అన్న స్థితిలోకి పోవాలి, తీసేయనక్కర్లేదు. ట్యాగ్ పాతబడినవారికి రెండు వారాల మెరుగుదల చాలు, కొత్తగా నేర్చుకునేవారికి మూడు నెలలు కావాలి, ఆ తేడా ఆర్‌ఎంజీకి తెలియాలి. రంగ పరిజ్ఞానాన్ని వేరే గడిలో పెట్టాలి. బీమా క్లెయిమ్స్ ప్రాసెసింగ్ పదేళ్లు చూసిన మనిషికి కొత్త టూల్ నేర్పడం తేలిక, టూల్ వచ్చిన మనిషికి క్లెయిమ్స్ నేర్పడం చాలాకాలం పట్టే పని. మధ్యస్థాయి వారి అసలు విలువ ఈ గడిలోనే ఉంది, చాలా కంపెనీల సిస్టమ్‌లలో ఈ గడే ఉండదు.

శిక్షణ సంగతి తొందరగా తేల్చేయవచ్చు. బెంచ్ మీద ఉన్నవారికి ఆన్‌లైన్ కోర్సు లింకులు పంపి, పూర్తిచేసిన గంటలు లెక్కపెట్టి, ఏడాది చివర ‘ఇన్ని లక్షల మందికి ఏఐ శిక్షణ’ అని నివేదికలో రాసుకోవడం ఆనవాయితీ. ప్రాథమిక క్లౌడ్ సర్టిఫికెట్ ఒక్కటి చూసి ఏ క్లయింటూ మనిషిని తీసుకోడు. పనికొచ్చే పద్ధతి ఒకటుంది: నేర్చుకునేవాణ్ని ఆరు నుంచి ఎనిమిది వారాలు నడుస్తున్న ప్రాజెక్టులో బిల్లు లేకుండా రెండో మనిషిగా కూర్చోబెట్టడం, అతను రాసిన కోడ్‌ను అక్కడి లీడ్ రివ్యూ చేయడం. పై లెక్క ప్రకారం సీనియర్‌కు ఇది మూడు నాలుగు లక్షల ఖర్చు. అదే అనుభవమున్న మనిషిని బయట నుంచి తేవాలంటే కన్సల్టెన్సీ కమీషన్, జాయినింగ్ బోనస్, 30 శాతం హైక్ కలిపి అంతకన్నా ఎక్కువే అవుతుంది. ఈ రెండు ఖర్చులూ వేర్వేరు బడ్జెట్లలోంచి వస్తాయి కాబట్టి వాటిని పక్కపక్కన పెట్టి చూసేవారే ఉండరు.

ఇక నోటీస్ పీరియడ్. చాలా నియామక పత్రాల్లో ఉద్యోగి మానేయాలంటే 90 రోజులు, కంపెనీ తీసేయాలంటే ఒక నెల నోటీసు లేదా ఆ మేరకు జీతం. 90 రోజులు పెట్టింది మనుషులు జారిపోకుండా చూసుకోవడానికి. జరిగింది వేరు. ఒక ఆఫర్ చేతిలో పెట్టుకుని రాజీనామా చేసినవాడికి మరో రెండు ఆఫర్లు తెచ్చుకునేందుకు మూడు నెలలు దొరికాయి. చివరి వారంలో పెద్ద మొత్తం వైపు వెళ్లిపోతాడు, మొదటి కంపెనీకి ఆఫర్ డ్రాప్. ఆ అనుభవంతో కంపెనీలు వంద ఖాళీలకు 140, 150 ఆఫర్లు ఇవ్వడం మొదలుపెట్టాయి. బజారు బాగున్నంతకాలం అది నడిచింది. బజారు పడగానే ఎవరూ డ్రాప్ కాలేదు, అందరూ వచ్చి చేరారు, బెంచ్ నిండింది. క్యాంపస్‌లోనూ ఇదే జరిగింది, 2022లో ఆఫర్ అందుకున్న ఇంజినీరింగ్ విద్యార్థుల్లో కొందరు చేరే తేదీ కోసం 2024 దాకా ఎదురుచూడాల్సి వచ్చింది.

మరోపక్క భర్తీ చేసేవారికి కావాల్సింది ‘ఇమ్మీడియట్ జాయినర్’, అంటే వెంటనే వచ్చి చేరగలిగేవాడు. దానికోసం కొందరు చేతిలో ఆఫర్ లేకుండానే రాజీనామా పెట్టి, నోటీసులో ఉండగా వెతుక్కుంటున్నారు. 2022లో ఇది తెలివైన ఎత్తు. ఇప్పుడు పదేళ్లు దాటిన అనుభవంతో ఇలా చేయడం మాత్రం దుస్సాహసమే. అమీర్‌పేట సందుల్లో అమ్మే నకిలీ అనుభవ పత్రాల పని కూడా ఇప్పుడు అంత సులువుగా సాగడం లేదు. పీఎఫ్ సర్వీసు చరిత్రలో, జీతం మీద కోసిన ఆదాయపు పన్ను చూపే ఫారం 26ఏఎస్‌లో ఆ కంపెనీ పేరు లేకపోతే తనిఖీ అక్కడే ఆగిపోతుంది.

సేవల కంపెనీల్లో కోత నడుస్తుండగానే అదే హైదరాబాద్‌లో విదేశీ కంపెనీల సొంత కేంద్రాలు, జీసీసీలు, పెరుగుతున్నాయి. ఐటీ పరిశ్రమ సంఘం నాస్కామ్, కన్సల్టింగ్ సంస్థ జిన్నోవ్ కలిసి 2024లో ఇచ్చిన లెక్క ప్రకారం దేశంలో 1,700కు పైగా జీసీసీలు, వాటిలో 19 లక్షల మంది, 2023-24లో ఆదాయం 64.6 బిలియన్ డాలర్లు. 1998లోనే మైక్రోసాఫ్ట్ తన అభివృద్ధి కేంద్రాన్ని హైదరాబాద్‌లో పెట్టింది. 2025లో మందుల కంపెనీ ఎలై లిల్లీ, మెక్‌డొనాల్డ్స్ లాంటివి చేరాయి. హాంబర్గర్ల కంపెనీకి హైదరాబాద్‌లో అంత పెద్ద ఆఫీసేమిటని అడిగేవారు ఆ కంపెనీ అకౌంట్లు, డేటా, సాఫ్ట్‌వేర్ ఎవరో ఒకరు చూడాల్సిందే కదా అని గుర్తుచేసుకోవాలి. ఇంతకుముందు ఆ పనిలో కొంత సేవల కంపెనీలకు కాంట్రాక్టుగా వచ్చేది.

జీసీసీలో గంటలు అమ్మడం ఉండదు కాబట్టి పిరమిడ్ అవసరమూ అంతగా ఉండదు. వారికి కావాల్సింది ఎక్కువగా నాలుగు నుంచి ఎనిమిదేళ్ల అనుభవం. ఆకారం గీస్తే మధ్యలో వెడల్పు, పైనా కిందా సన్నం. ఇంటర్వ్యూలూ వేరు. సేవల కంపెనీలో ‘ఏ ప్రాజెక్టులో పనిచేశారు’ అన్నది ప్రశ్న, ఇక్కడ ‘ఆ నిర్ణయం ఎందుకు తీసుకున్నారు, దాంతో ఏం విరిగింది’ అని తవ్వుతారు. పదిహేనేళ్లు మనుషులను, స్టేటస్ రిపోర్టులను చూసుకున్న డెలివరీ మేనేజర్ ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోతాడు. ఎనిమిదేళ్లు దాటినవారు పూర్తిగా మేనేజ్‌మెంట్ వైపు జరగకుండా వారంలో ఒక రోజైనా కోడ్ రివ్యూలో, డిజైన్‌లో చేయి పెట్టి ఉంచుకోవడం అందుకే అవసరం. సేవల కంపెనీల్లో ప్రమోషన్ నిబంధనలు దీనికి సరిగ్గా వ్యతిరేకం. కిందివారి సంఖ్య పెరిగితేనే గ్రేడ్ పెరుగుతుంది.

అమెరికా దారి కూడా ఇరుకైంది. 2025 సెప్టెంబరు 21 నుంచి కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము పెట్టారు. ఒక సగటు ఇంజినీర్‌ను ఆన్‌సైట్, అంటే అక్కడి క్లయింటు దగ్గరకు, పంపడం లెక్కకు అందని ఖర్చైంది. ఏ తెలుగు కుటుంబంలోనైనా దీని మీద చర్చ జరిగే ఉంటుంది. కంపెనీ లోపల దీని ప్రభావం ఏమిటంటే, మధ్యస్థాయి వారిని నిలబెట్టుకోవడానికి చూపే పెద్ద ఆశ పోయింది. ‘ఈ ఏడాది హైక్ తక్కువే, కానీ ఆన్‌సైట్ ఉంది’ అన్న మాట ఇక నమ్మరు.

వెళ్లిపొమ్మన్నప్పుడు ఏం జరుగుతుందన్నది విడిగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ నష్టం ఆ ఒక్క మీటింగ్‌లోనే జరుగుతుంది. హెచ్‌ఆర్ పిలిచి ‘మీరే రాజీనామా చేస్తే రిలీవింగ్ లెటర్ శుభ్రంగా ఇస్తాం’ అంటుంది. రాజీనామా అని పంపిన క్షణం కాగితం మీద అది తొలగింపు కాకుండా పోతుంది, తొలగింపు పరిహారం అడగడమూ కష్టమవుతుంది. తెలుగు రాష్ట్రాల్లో వర్తించే 1988 దుకాణాలు, సంస్థల చట్టం 47వ సెక్షన్ ప్రకారం, ఆరు నెలలు పనిచేసిన ఉద్యోగిని తగిన కారణం లేకుండా, నెల రోజుల రాతపూర్వక నోటీసో ఆ మేరకు వేతనమో ఇవ్వకుండా తీసేయకూడదు. ఏడాది దాటితే ప్రతి సర్వీసు సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం ఇవ్వాలి. మేనేజర్ హోదా వారి విషయంలో మినహాయింపులున్నాయి, అక్కడ లాయర్‌ను అడగాల్సిందే. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం మానేసినా తీసేసినా వేతన బకాయిలు రెండు పనిదినాల్లో చెల్లించాలి. ‘ఫుల్ అండ్ ఫైనల్ 45 రోజులు’ అన్న పాత అలవాటుకు ఇక చట్టం అండ లేదు. ‘కార్మికుడు’ నిర్వచనంలోకి వచ్చేవారిని తొలగిస్తే మరో 15 రోజుల వేతనానికి సమానమైన మొత్తం పునఃశిక్షణ నిధి కింద 45 రోజుల్లో వారి ఖాతాలో పడాలి. ఆ నిర్వచనంలో విజిటింగ్ కార్డు మీది హోదా కన్నా రోజూ చేసే పనే లెక్క. పేరుకు ‘అసిస్టెంట్ మేనేజర్’ అయినా కోడ్ రాయడమే పనైతే వాదించుకునే చోటు ఉంటుంది.

గ్రాట్యుటీ లెక్క ముందే వేసుకోవాలి. చట్టం ప్రకారం లెక్కకు వచ్చే చివరి నెల వేతనాన్ని (ముఖ్యంగా మూలవేతనం, కరువుభత్యం) 26తో భాగించి 15తో, ఆపై సర్వీసు సంవత్సరాలతో గుణిస్తే సరి. ఆ వేతనం 60 వేలు, సర్వీసు ఎనిమిదేళ్లయితే 2,76,923 రూపాయలు. శాశ్వత ఉద్యోగికి ఐదేళ్ల సర్వీసు ఉండాలి, కొత్త కోడ్ కింద నిర్ణీత కాలపు ఉద్యోగికి ఏడాది చాలు. నాలుగున్నరేళ్ల దగ్గర ఉన్నవారు చివరి పనిదినం తేదీని ఖరారు చేసుకునే ముందు ఈ గడువు చూసుకోవడం మరిచిపోతుంటారు.

ఈ మొత్తం వ్యవహారంలో తక్కువ చర్చకు వస్తున్నది పిరమిడ్ అడుగుభాగం. 2021-22లో టీసీఎస్ లక్ష మంది ఫ్రెషర్లను, ఇన్ఫోసిస్ 85 వేల మందిని తీసుకున్నాయి. 2023-24లో ఇన్ఫోసిస్ తీసుకున్నది 11,900. జీసీసీలు ఎగబడే నాలుగు నుంచి ఎనిమిదేళ్ల అనుభవం వారు ఇవాళ దొరుకుతున్నది ఆ పెద్ద బ్యాచ్‌ల పుణ్యమే. మైసూరులోనో తిరువనంతపురంలోనో నెలల తరబడి జీతమిచ్చి నేర్పింది సేవల కంపెనీలు, ఫలం అందుకుంటున్నది జీసీసీలు. సన్నబడిన 2023, 2024 బ్యాచ్‌లకు నాలుగైదేళ్ల అనుభవం వచ్చేది 2028 ప్రాంతంలో. అప్పటికి ఆ వరుసలో మనుషులు పలచగా ఉంటారు, జీతాలు మళ్లీ పోటాపోటీగా పెరుగుతాయి. ఇది ముందే కనిపించిన కొన్ని కేంద్రాలు చివరి సెమిస్టర్‌లో ఆరు నెలల ఇంటర్న్‌షిప్ ఇచ్చి, పని చూసి ఉద్యోగంలోకి తీసుకుంటున్నాయి. అయితే వాళ్లు వెళ్లే కాలేజీలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. సేవల కంపెనీలు ఏటా భీమవరం, నర్సరావుపేట, కరీంనగర్ చుట్టుపక్కల కాలేజీల నుంచి బస్సుల్లో తీసుకెళ్లిన సంఖ్యలో పదో వంతును కూడా ఆ ఇంటర్న్‌షిప్‌లు భర్తీ చేయలేవు.